పోటుకొకటి, ఆటుకొకటి

మొన్న తార్నాక చౌరస్తా దాటి బస్టాపుకి నడుస్తున్నాను. కొత్తగా లేస్తున్న ఒక ఇంటి ముందు కూలిపని చేసే పిల్ల ఒకతె తన బిడ్డ నడుముకి చీరపేలిక కట్టి, రెండో కొస ఇనుప చువ్వకి ముడివేసి, ఇసుక తట్ట నెత్తికెత్తుకుని లోపలికి పోయింది. నా పక్కన నడుస్తున్న ఒకావిడ, "అయ్యో, పసిదాన్ని పశువుని కట్టినట్టు కట్టేసిందే!" అని నోరు నొక్కుకుంది. నేనూ ఆగిపోయాను, కానీ జాలితో కాదు. నా చూపు బిడ్డ మీద కంటే ముందు చువ్వ దగ్గరి ముడి మీద పడింది. ఆ ముడి చూడగానే ఒళ్ళు ఝల్లుమంది.

ఎందుకో చెప్పాలంటే ముందు కలకత్తా అత్తయ్య గురించి చెప్పాలి.

ఆవిడ పేరు రాయను. పేరుతో పిలిస్తే ఆవిడ పలికేదీ కాదు. "పేర్లు ఓడలకమ్మా. మనుసులకి పనులుంటాయి" అనేది. మా వీధంతా ఆవిణ్ణి కలకత్తా అమ్మ అనేవారు. మాది కూడా కోస్తా వైపే కావడం చేత, ఒకే చర్చికి వెళ్ళేవాళ్ళం కనక, నాకు అత్తయ్య అయింది.

అవి పందొమ్మిదివందల అరవైలు ముగుస్తున్న రోజులు. మా వారికి యూనివర్సిటీ లైబ్రరీలో చిన్న ఉద్యోగం. తార్నాకలో రాములమ్మగారి ఇంట్లో వీధివైపు వాటా మాది, బావివైపు వాటా వాళ్ళది. అత్తయ్య కొడుకు యూనివర్సిటీ వర్క్‌షాపులో ఫిట్టరు. కోడలు మల్కాజ్‌గిరిలో బడి టీచరు. వాళ్ళకి నడక నేరుస్తున్న బాబు. మా పాపకీ వాడికీ నెలల తేడా. బావి గట్టు మోకాలెత్తు కూడా ఉండేది కాదు. వీధి గుమ్మం దాటితే లారీలు.

నేను బడి మెట్టెక్కినదాన్ని కాదు. మా నాయనమ్మ వంటింటి గడపలో కూర్చోబెట్టి బొగ్గుముక్కతో గచ్చు మీద అక్షరాలు దిద్దించింది. ఆ పుణ్యమే ఇవాళ ఇది రాయిస్తోంది, దేవునికి స్తోత్రం. నేను చూసిన నీళ్ళంటే మా ఊరి పంటకాలవే. ఓడలన్నవి ప్రార్థనల్లో విన్నవే. అలాంటి నా పక్కవాటాలోకి, ఒక మహానది మీద సగం జన్మ గడిపిన మనిషిని ఆ దేవుడే తెచ్చి దింపాడు.

వాళ్ళు దిగిన మూడోనాడో నాలుగోనాడో, మజ్జిగ గిన్నె పట్టుకుని ఆవిడ అరుగు దగ్గరికి వెళ్ళాను. బాబు నడుముకి పాత చీర పేనిన తాడు. రెండో కొస కిటికీ ఊచకి. వాడు తాడు సాగినంత మేర వచ్చి, అక్కడ చతికిలబడి, నన్ను చూసి నవ్వాడు. గిన్నెలో మజ్జిగ ఒలికి పాదాల మీద పడింది.

"అత్తయ్యా, ఏమిటిది?"

"ఏది?" అని అటూ ఇటూ చూసిందావిడ. తాడు ఆవిడ కంటికే ఆనలేదు. నేను వేలు పెట్టి చూపించాక, "ఓ, అదా. నీళ్ళ పక్కనున్నాం కదమ్మా" అంది, బావికేసి గడ్డం ఎత్తి. "మీ పాపకి కట్టవా?"

ఇంటికి వచ్చి పాపని గట్టిగా హత్తుకుని కూర్చున్నాను. ఇంత కఠినురాలు మన చర్చి మనిషేనా అనిపించింది.

ఆవిడ ఇల్లు చూస్తే మాత్రం నవ్వాగేది కాదు. చెంబుకి తాడు, గరిటెకి తాడు, అద్దానికి తాడు, కూజా మెడకి తాడు. అన్నీ మేకులకి. ఏ పాత్రనీ నిండా నింపేది కాదు, ఎసరు కూడా సగానికే. మంచం తల ఒకరోజు తూర్పుకి, ఒకరోజు పడమరకి. "ఈ ఇల్లు తిరగదేంటమ్మా! ఎప్పుడు సూడు, ఆ కొండరాళ్ళకేసే ముకం. నాకు నిద్దర పట్టదు" అనేది. ఇల్లు తిరగదు కనక తనే మంచం తిప్పుకునేది.

చలికాలం ఒక ఉదయం మంచు దట్టంగా కమ్మింది. వీధిలో చెయ్యి చాస్తే చెయ్యి కనపడదు. ఉన్నట్టుండి ఇత్తడి పళ్ళెం మీద గరిటె మోత. పరుగెత్తుకెళ్ళాను. అత్తయ్య అరుగు మీద నిలబడి పళ్ళెం వాయిస్తోంది. పాలవాడు సైకిలు దిగి భయంభయంగా చూస్తున్నాడు.

"ఏమాయె అమ్మా, ఎవరన్న పోయిన్రా?"

"పోకూడదనే కొడతన్నాను బాబూ. మంచులో లంగరేసుకున్న ఓడ గంట కొట్టుకుంటా ఉండాలి. లేపోతే వచ్చే ఓడకి మనం ఉన్నట్టు తెలవదు."

"గీడ ఓడలేడికెల్లి వస్తయమ్మా?"

"నువ్వొచ్చావు కదా, తెలిసే వచ్చావు. పాలు పొయ్యి."

ఎండాకాలం సాయంత్రాల్లో వాయవ్య మూల వేలెడు నల్లమబ్బు కనపడితే చాలు, ఆవిడ తీగ మీది బట్టలన్నీ లాగేసేది, తనవీ, మావీ, రాములమ్మగారివీ. ఆ మూల నుంచి లేచే గాలి అక్కడ కలకత్తా గంగ మీద నిమిషాల్లో ఓడల్ని లంగరుతో సహా ఈడ్చుకుపోయేదట. పెద్ద పెద్ద స్టీమర్ల వాళ్ళే ఆ మబ్బు చూస్తే రెండో లంగరు దింపి, గొలుసు ఇంకాస్త వదిలి, ఇంజన్లు వేడి చేసుకుని కూర్చునేవాళ్ళట. తార్నాక మీదికి వచ్చేసరికి ఆ మబ్బు ఎటో కరిగిపోయేది. తడిబట్టలన్నీ మంచం మీద కుప్ప.

"ఓ కలకత్తా అమ్మా! నీ తుఫాను మళ్ళ తొవ్వ తప్పిందా?" అని రాములమ్మగారు నడుం మీద చెయ్యి పెట్టుకుని అరిచేది. "నా చీర ఎండనియ్యవా ఏంది, నీ పుణ్యాన ముక్కిన వాసనొస్తున్నది."

"రాపోతే స్తోత్రం చెప్పుకోవాలమ్మా. వచ్చాక చెప్పుకోడానికి నోరుండద్దూ?"

ఆ మాట నాకు ఇప్పటికీ ప్రార్థనలో గుర్తుకొస్తుంది. రాకుండా పోయిన తుఫానులకి కృతజ్ఞత చెప్పడం నాకు ఆవిడే నేర్పింది.

సాయంత్రాలు పిల్లల్ని చంకనెత్తుకుని ఇద్దరం యూనివర్సిటీలోకి నడిచేవాళ్ళం. సీతాఫలం పొదల పక్కనుంచి, రాతి గుండ్ల మధ్యనుంచి, పెద్ద కాలేజీ మెట్ల దాకా. ఆ రాతి భవనం ఆవిడకి మహా ఇష్టం. "ఇది మాత్రం బాగా లంగరేసుకుంది" అనేది. మెట్ల మీద కూర్చుని ఆవిడ గంగ గురించి చెప్పేది. నది అంటే నాకు ఒకవైపుకి పోయేది. ఆవిడ గంగ రోజూ వెనక్కి కూడా పారేదట.

"నది వెనక్కి పారడమేమిటి అత్తయ్యా?"

"సముద్రం తోస్తే పారక ఏం చేస్తాది? పోటొస్తే పైకి, ఆటొస్తే కిందికి. మా ఇల్లు గంగలోనే కదా." ఆవిడ భర్త వేరే పడవల్ని లాగే స్టీమరు ఒకటి నడిపే సరంగు. ఇంజను లేని పెద్ద సరుకు పడవ ఒకటి వాళ్ళ ఇల్లు. నది నడుమ లంగరేసుకుని ఉండేది. "అటు నూరు ఓడలు, ఇటు నూరు ఓడలు, మద్దెలో పడవలు, అడ్డంగా దాటే దోనెలు, కూతలు, పొగ. తిరనాళ్ళే అనుకో. అన్నీ లంగరేసుకుని ఒకేపు సూత్తా ఉంటాయి. పోటు తిరిగే ఏళకి, ఎవరో ఎనకనించి పేరెట్టి పిలిచినట్టు, అన్నీ ఒక్కపాలి ముకాలు తిప్పేసుకుంటాయి."

ఆ చెప్పే తీరుకి నేను కళ్ళప్పగించి వినేదాన్ని, సగం నమ్మేదాన్ని కాదు. అప్పుడే లైబ్రరీ వదిలారు. కుర్రాళ్ళంతా చెట్ల కింద ఆనించిన సైకిళ్ళు లాగి, అటు ముఖంగా ఉన్నవి ఇటు తిప్పుకున్నారు. అత్తయ్య నా తొడ మీద చరిచింది. "అదిగో! పోటు తిరిగింది!"

ఇంకొకరోజు లంగరు గురించి అడిగాను. ఒక లంగరు చాలదా అని.

"ఆటుపోట్ల గంగలో ఒకటి చాలదు తల్లీ. రెండేస్తారు, ఎదరొకటి, ఎనకొకటి. పోటుకొకటి, ఆటుకొకటి. ఒకటి బరువంతా మోస్తా ఉంటే రెండోది ఊరికే మట్టిలో పడుంటాది, గొలుసు వదులుగా. సూసేవోడికి అది పనికిమాలింది అనిపిస్తాది. నీళ్ళు తిరిగాక దాని వంతు." తనే మళ్ళీ అంది. "గొలుసు బిగిసున్నంతసేపు బయం లేదమ్మా. బయమంతా వదులైనప్పుడే. నీళ్ళు ఇటు ఆగి, అటు ఇంకా కదలవు చూడు, ఆ కాస్సేపు. అప్పుడే ముడులు జారతాయి."

ఆ చివరి మాట ఎందుకు అంత మెల్లగా అందో నాకు అప్పుడు తెలియలేదు.

ఇవన్నీ వింటూ నేను ఆవిడకి దగ్గరయ్యాను గానీ తాడు సంగతి మింగుడు పడలేదు. కోడలికి ఆ తాడు ఉన్నట్టే తెలియదు. ఆ అమ్మాయి బడి నుంచి వచ్చేలోపు అత్తయ్య విప్పి చుట్టి చూరులో దోపేది. చెప్పిందెవరంటే రాములమ్మగారు. చెడు ఉద్దేశం కాదు. ఆవిడ మనసులో ఏదీ ఆగదు. బడికి ఒంటిపూట సెలవిచ్చిన రోజున కోడలు మధ్యాహ్నమే వీధి మలుపు తిరగడం చూసి, గుమ్మంలోంచే కేకేసింది.

"ఓ టీచరమ్మా! జర జల్ది రా! మీ అత్త పోరన్ని మేకపిల్ల లెక్క కట్టేసింది చూడు. రోజూ గిదే కథ."

ఆ అమ్మాయి చేతిసంచీ అక్కడే వదిలేసి వచ్చింది. బాబు తాడు చివర్న కూర్చుని చింతగింజలతో ఆడుతున్నాడు. అప్పటికి నలుగురూ చేరారు. ఆమె ముఖం చూసి నాకు భయం వేసింది. లోపలికి వెళ్ళి కత్తి తెచ్చి తాడు కోసేసింది. ముడి విప్పడానికి కూడా ఆగలేదు. బిడ్డని భుజాన వేసుకుని అంది.

"ఒకణ్ణి కట్టి పోగొట్టుకున్నది చాలదా అత్తయ్యా? ముడి సరిగ్గా వెయ్యడం రాక కడుపున పుట్టినవాణ్ణి గంగలో వదిలేశారు. ఇప్పుడు నా కొడుకా?"

రాములమ్మగారి చెయ్యి నోటి మీదికి వెళ్ళిపోయింది. నేను అత్తయ్య ముఖం చూశాను. ఏదో అంటుందనుకున్నాను. ఆవిడ కిటికీ ఊచకి మిగిలిన తాడుముక్కనే చూస్తూ, "అవునమ్మా. జారింది నా ముడే" అంది. అంతే.

ఆ వారంలోనే బాబుని గోల్నాకలో అమ్మమ్మగారింటికి పంపేశారు. ఆదివారాలు చర్చి అయ్యాక తెచ్చి చూపించేవారు. చూపించడమే. ఎత్తుకుంటే కోడలు పక్కనే నిలబడేది. అత్తయ్య ఒక్క మాటా అనేది కాదు. వారమంతా ఆ తాడుముక్క ఊచకి అలాగే ఉండేది. ఇద్దరం మెట్ల దాకా నడవడం మానలేదు గానీ ఆవిడ చంక ఖాళీ. పోటు గురించీ ఓడల గురించీ నేనే అడగాల్సి వచ్చేది.

ఒక సాయంత్రం ఆపుకోలేక అడిగాను. "అత్తయ్యా, మీ ముడి ఎలా జారింది? తాడు కట్టని వస్తువు మీ ఇంట్లో లేదు. ఒక్కటీ జారగా నేను చూడలేదు."

నేను అడగకుండా ఉండాల్సింది అనుకుంటున్నాను, ఆవిడే మొదలుపెట్టింది.

"గంగ నీళ్ళు తాగడానికి పనికిరావు, ఉప్పు, బురద. మంచినీళ్ళకి దోనె మీద ఒడ్డుకెళ్ళాలి. మా చెల్లెలు కాకినాడ నించి కొత్తగా వచ్చింది, ఇంకా వోణీల పిల్ల. దానికి పెద్దోడంటే పేణం. నేను నీళ్ళకెళ్ళాను. ఇది వాణ్ణి సూసి, అయ్యో ఎందుకు కట్టేసిందని జాలిపడి, విప్పి ఎత్తుకుని ఓడలు సూపించింది. మళ్ళీ కట్టేసి లోపలికెళ్ళి పొయ్యి ముట్టించుకుంది. దానికొచ్చిన ముడి కట్టింది తల్లీ. దూడని గుంజకి కట్టే ముడి. దూడ లాగితే అది బిగుస్తాది. నేల మీద ఏ ఇబ్బందీ లేదు. పడవ మీద అలా కాదు. పోటు తిరిగే ఏళైంది. పడవ తిరగడం, ఏదో స్టీమరు కెరటం వచ్చి తగలడం. తాడు వదులైంది, బిగిసింది, మళ్ళీ వదులైంది."

ఇక చెప్పలేదు. నాకూ వినే శక్తి లేదు. నా చేతుల్లో పాప నిద్రపోతోంది. దాని నడుము పట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా కుర్రాళ్ళు నవ్వుకుంటూ మెట్లు దిగిపోతున్నారు. ఈ మనిషి పక్కన రోజూ కూర్చుని కథలు వింటున్నానే, ఆ కథల అడుగున ఇది ఉందా అని బిత్తరపోయాను.

"మరి మీ ముడే అని ఎందుకన్నారు?"

"నేను పడవెక్కేసరికి అది గుండెలు బాదుకుంటా, నేను విప్పి కట్టానక్కా అంది. దాని కళ్ళు సూశాను. అది ఆ రాత్రికి ఉండదు, గంగలోకి దూకేస్తాది. నోటికొచ్చింది అనేశాను. నువ్వు కట్టాక నేనొచ్చి మళ్ళీ విప్పి కట్టానే, జారింది నాది అని. నమ్మింది."

"ఇప్పుడైనా కోడలితో చెప్పండి అత్తయ్యా. బాబు మీ దగ్గరికి వస్తాడు."

"దానితో చెప్తే నా కొడుక్కి తెలుస్తాది. వాడు పిన్నంటే పడిచస్తాడు, ఆ ముకం దాచలేడు. ఒకరి నోటా ఒకరి నోటా కాకినాడ చేరిపోద్ది. ఇన్నేళ్ళు మోసినదాన్ని, ఇప్పుడు దింపి నా చెల్లెలి నెత్తినెట్టనా?" చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. "బాబు గోల్నాకలో బాగానే ఉన్నాడు. అక్కడ నుయ్యి లేదంట. నువ్వు కూడా ఎక్కడా అనకు."

ఆ రాత్రి మా వారితో కూడా అనలేదు. పొద్దున్నే పాపని ఎత్తుకుని ఆవిడ అరుగు మీద కూర్చోబెట్టాను. నా పెళ్ళిచీరల్లో ఒకటి, బాగా పాతబడింది, నిలువునా చించి పేని, ఆ తాడు ఆవిడ చేతిలో పెట్టాను. "నాకు వంట పని ఉంది. దీన్ని కాస్త కట్టండి" అన్నాను.

ఆవిడ తాడు పుచ్చుకుంది గానీ కట్టలేదు. నన్ను పక్కన కూర్చోమంది. "ఇదిగో, తాడులో సిన్న కన్ను చెయ్యి. కొస ఆ కంట్లోంచి పైకి లాగు. తాడు ఎనకనించి తిప్పు. మళ్ళీ అదే కంట్లోకి దింపు. లాగు. సూశావా? లాగినా నొక్కుకోదు, వదిలినా జారదు." నా చేత చేయించి, ముడిని నాలుగువైపులా లాగి చూసి, అప్పుడు పాపని వదిలింది. రాములమ్మగారు బావి దగ్గర నిలబడి అంతా చూసింది. ఈసారి కేక వెయ్యలేదు. మధ్యాహ్నం వచ్చి మెల్లగా, "మా మనుమరాలు ఐతారం వస్తది, దాన్ని గూడ జర చూస్తవా అమ్మా?" అని అడిగి పోయింది.

అది ఒక వేసవి, ఒక వానాకాలం సాగింది. ఆ వానాకాలంలోనే ఆవిడకి జ్వరం తగిలింది. మామూలు జ్వరమే అన్నారు. కషాయం తాగింది, పాపకి ముడి వేసింది, నాతో మాట్లాడింది. మర్నాడు పొద్దున లేవలేదు. అంత పెద్ద గంగ ఏమీ చెయ్యలేని మనిషి, తార్నాకలో, కదలని మంచం మీద, ఒక మామూలు జ్వరానికి అలా వెళ్ళిపోవడం నాకు ఇప్పటికీ అర్థం కాదు. కబురు విని వెళ్ళేసరికి ముఖం మీద గుడ్డ కప్పేశారు. ఆవిడ చెంబు మేకుకి తాడుతో వేలాడుతూ ఉంది. అది ఉంది, ఆవిడ లేదు.

వానలకి రైళ్ళు ఆలస్యం. కాకినాడ నుంచి చెల్లెలు వచ్చేసరికి సమాధి కార్యక్రమం అయిపోయింది. చిన్నగా, ఎండిన పుల్లలా ఉన్న మనిషి. ఏడుపు కూడా బయటికి రాలేదు. సాయంత్రం నా దగ్గరికి వచ్చి, "అమ్మాయిగారూ, అక్క రోజూ కూచునే చోటు ఉందంట కదా. సూపిస్తారా?" అంది.

వాన వెలిసింది. ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం. సరిగ్గా ఆవిడ కూర్చునే చోటే చూపించాను.

"అక్క మీకు మా పెద్దబాబు సంగతి చెప్పిందా?"

నేను తల వంచుకున్నాను. చెప్పిందన్నా తప్పే, చెప్పలేదన్నా అబద్ధమే.

"జారింది తన ముడే అని చెప్పుంటాది. అందరికీ అదే చెప్పింది" అంది ఆవిడ. "కాదమ్మా. నా ముడే."

నేను ఆవిడ వైపు తిరిగాను.

"మీకు... తెలుసా పిన్నిగారూ?"

"అప్పుడు తెలవదు. మతి లేదు నాకు. అక్క అంది, నమ్మాను. నా పెళ్ళయ్యాక, ఓ నాడు నూతి నించి నీళ్ళు తెస్తన్నాను, బిందె చంకనెట్టుకుని. మా దూడ తాడూడి పోతంది. కట్టేద్దామని వంగాను. బిందె దింపకుండా ముడి పడదమ్మా. ఒక్క చేత్తో పడదు. అప్పుడు గేపకం వచ్చింది. నేను అరిచినప్పుడు అక్క దోనె దిగి అప్పుడే పడవెక్కతంది. బిందె చంకలోనే ఉంది, నిండుగా. ఇంక ఎప్పుడొచ్చి కట్టింది? అక్కడే బురదలో కూలబడిపోయాను."

ఆవిడ గొంతు పెద్దది కాలేదు.

"మరి మీ అక్కతో చెప్పలేదా?"

"ఏమని చెప్పను? నాకు తెలిసిపోయిందక్కా అంటే, ఆవిడ మోసిందంతా నేలపాలు చేసినట్టు కాదూ? నేను సుకంగా ఉన్నానని తెలిస్తేనే కదా ఆవిడకి నిద్దర. అందుకే పండక్కీ పబ్బానికీ వచ్చి, నవ్వి, సుకంగా ఉన్నట్టే ఉండేదాన్ని. నా వంతు అదే అనుకున్నాను." తరవాత అడిగింది, "మనవణ్ణి అక్క దగ్గర ఉంచలేదంట కదా. నాకు ఇయ్యాల రైలు దిగాకే తెలిసింది. ముందు తెలిస్తే..."

ఆ మాట పూర్తి చెయ్యలేదు. లైబ్రరీ వదిలారు. తడి చెట్ల కింద సైకిళ్ళన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి.

మర్నాడు పొద్దున ఆ చెల్లెలు అత్తయ్య కొడుకునీ కోడలినీ కూర్చోబెట్టి అంతా చెప్పింది. నేను మా వాటాలోనే ఉన్నాను. చాలాసేపటికి కోడలు బయటికి వచ్చింది. కిటికీ దగ్గర నిలబడి, తను కోసిన తాడుముక్కని పట్టుకుంది. ఊచ దగ్గరి ముడి విప్పబోయి, చేతులు రాక, దాని మీదే నుదురు ఆనించుకుంది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. వాళ్ళు ఆ ఇల్లు ఖాళీ చేసినప్పుడు కూడా ఆ ముడి అక్కడే ఉంది.

చెల్లెలు కూడా కన్నుమూసి చాలా ఏళ్ళయింది. అందుకే ఇప్పుడు రాయగలిగాను.

మొన్న ఆ కొత్త ఇంటి ముందు, చువ్వకి ఉన్నది దూడని గుంజకి కట్టే ముడి. బిడ్డ ఇసుకలో కూర్చుని తాడు లాగుతోంది, వదులుతోంది, మళ్ళీ లాగుతోంది. అవతల నుంచి లారీ వెనక్కి వస్తోంది. నా సంచీ కింద పెట్టాను. రెండు చేతులూ కావాలి కదా. మోకాళ్ళ మీద కూర్చుని ఆ ముడి విప్పాను. కన్ను చేశాను, కొస పైకి లాగాను, వెనకనుంచి తిప్పాను, దింపాను. నాలుగువైపులా లాగి చూశాను.

ఖాళీ తట్టతో తిరిగొచ్చిన తల్లి నన్ను చూసి హడలిపోయింది. "ఏంది అవ్వా, ఏం చేస్తున్నవ్ నా బిడ్డను?"

"ఏం లేదమ్మా. ముడి గట్టిగా వేశాను."

ఆమె వంగి, అనుమానంగా లాగి చూసింది. మళ్ళీ లాగింది. ముఖం తేటపడింది. "మంచిగున్నది గదా! గిట్ల యాడ నేర్చుకున్నవవ్వా?"

"ఓడ మీద" అన్నాను.

"హైదరాబాద్‌ల ఓడలేంది!" అని పకపకా నవ్వి, తట్ట నింపుకోవడానికి ఇసుక దగ్గరికి పోయింది. నేను మోకాళ్ళ మీదే ఉన్నాను, తాడు వదలబుద్ధి కాక.